జాజు పియానో

గడపకు పూసే ఎర్రమట్టిని మేము జాజు అంటాం. నీళ్లలో కలిపి, గుడ్డపేలిక ముంచి, పండుగ ముందు రాస్తాం. టీచరమ్మ నోట్‌బుక్ అట్ట మీద ఆ మాట కనబడ్డప్పుడు, గడపల గురించి ఇన్ని పేజీలు ఏం రాసిందబ్బా అనుకున్నాను.

ఆమె బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. నల్గొండలో ఆమె ఇంట్లో పాత పియానో ఒకటి ఉండేది. తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను అక్కడ వంటకు కుదిరాను. యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆమెనే. చాటలో బియ్యం ఏరుతుంటే ఆ గింజల మీదే వేలితో రాయించేది.

ఆదివారం మధ్యాహ్నాలు చర్చి పిల్లలు ఏడెనిమిది మంది పియానో నేర్చుకోవడానికి వచ్చేవారు. వాళ్లకు చెప్పడానికే ఆ పియానో సంగీతం చరిత్రంతా ఆ నోట్‌బుక్‌లో తెలుగులో రాసిపెట్టుకుంది. ఇంతలో ఆమె కండ్లకు పొర కమ్మింది. పియానో మెట్లు చేతికి తెలుసు గానీ తన రాత తనకే కనబడదు. ఆపరేషన్‌కు ఇంకా నెల ఉంది.

"పిల్లలను రావద్దని చెప్పు చెల్లె" అన్నది.

"నేను చదువుత. మీరు వాయించుండ్రి" అన్నాను.

అనేశాక భయం పట్టుకుంది. అప్పటిదాకా బస్సు బోర్డులు చదివాను గానీ నలుగురి ముందు ఎప్పుడూ చదవలేదు. వారమంతా పొయ్యి దగ్గర చదివి చూసుకున్నాను.

ఆదివారం నిలబడి మొదటి లైన్ చదివాను. "జాజు పియానో పుట్టుక."

ముందు కూర్చున్న పిల్ల నవ్వింది. "అవ్వా, జాజు గడపకు పూస్తరు. అది జాజ్, అమెరికా మ్యూజిక్."

"పియానోకు గూడ జర పుయ్యి అవ్వా, మెరుస్తది" అన్నది ఇంకో పిల్ల.

అందరూ నవ్వారు. చివరి జకు ఉన్నది పొల్లు. నేను కొమ్మనుకున్నాను. మా మాటలేవీ అట్లా తెగ్గొట్టినట్టు ఆగవు మరి. నోట్‌బుక్ అక్కడ పెట్టి వంటింట్లోకి పోదామనిపించింది.

టీచరమ్మ నవ్వలేదు. "రెండో లైన్ ఏముంది?" అని మాత్రం అడిగింది.

రెండో లైన్‌లో పత్తి చేను ఉంది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లు పత్తి ఏరుతూ ఒకరంటే మిగతావాళ్లు అందుకొని పాడేవారట. వాళ్ల మనుమలు పియానో ముందు కూర్చున్నాక ఆ పాట చేతుల్లోకి దిగిందట. నకిరేకల్ దిక్కు చేలల్లో నేను ఏరిన పత్తి యాదికొచ్చి నా గొంతు కుదురుకుంది.

తర్వాత రాగ్‌టైమ్. ఎడమ చెయ్యి తాళం తప్పదు, కుడి చెయ్యి దెబ్బను తప్పించి పడుతుంది అని ఉంది. ఆమె వాయించింది. మా అమ్మా అవ్వా వడ్లు దంచినట్టే ఉంది. రోకళ్లు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే, అవ్వ పాట రెండు దెబ్బల నడుమ నుంచి వచ్చేది. అట్లా దెబ్బ తప్పించడానికి రాసిన పేరు "సింకోపేషన్" దగ్గర రెండుసార్లు ఆగిపోయాను. నన్ను దిద్దిన పిల్లనే లేచొచ్చి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టింది. ఆ తర్వాతి పేజీలో ఎడమ చెయ్యి దూరం దూరం గెంతింది. ఇంకొన్నేండ్లకు వచ్చినవాళ్లు ఆ చేతి పని తగ్గించి, కుడి చేతిని ఉరికించారట.

చివరి పేజీ సగమే ఉంది. "రాసుకో" అన్నది టీచరమ్మ. ఇప్పటివాళ్లు ఎవరి ఊరి పాట వాళ్లు ఇందులో కలుపుకుంటున్నారని చెబుతుంటే రాశాను. అంతా చదివి, రాసి కూర్చున్నాక చూసుకుంటే, నా రాతలో ఆ మాట వచ్చిన మూడుచోట్లా జాజు అనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక ఆమె మొదట అడిగింది ఆ నోట్‌బుక్కునే. కొత్త అద్దాలతో నా రాత మీద వేలు జరుపుతూ చదువుతుంటే, నేను చాయ గ్లాసు పట్టుకొని నిలబడ్డాను.

"కొమ్ములు పడ్డయి టీచరమ్మా. దిద్దుండ్రి."

"ఉండనియ్యి. ఎవరు రాసిండ్రో తెల్వాలె గద."

ఆమె పోయాక పియానో చర్చికి పోయింది, నోట్‌బుక్ నాకు వచ్చింది. ఇప్పుడు పొల్లు సరిగ్గానే పెడతాను. ఆ పేజీ మాత్రం ముట్టుకోలేదు.