వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద నాయిన నడక

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై ఏళ్లు. బండలు పరిచే మేస్త్రీగా బతికిన మా నాయినకు చూపు పోయి రెండేళ్లయింది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ మీద గుడి దర్శనానికని తాండూరులో రైలెక్కించాను. డాక్టరు సర్టిఫికెట్ చూపించి ఆయనకూ, తోడుగా నాకూ రాయితీ టికెట్లు తీసుకున్నాను.

వికారాబాద్‌లో దిగగానే నాయిన నా చెయ్యి వదిలేసి, కర్ర చంకలో పెట్టుకుని గేటు వైపు తిన్నగా నడిచాడు. టికెట్ కలెక్టర్ ఆపేశాడు.

"చూపు లేనోడు గింత సీదా నడుస్తడా? దొంగ సర్టిఫికెట్ ఇది. పోలీసులకు అప్పజెప్త."

"గీ బండలు సారూ..." అని నాయిన ఏదో చెప్పబోయాడు. కలెక్టర్ విననే లేదు. ప్లాట్‌ఫారం మీదున్న కుళాయి దాకా నడిచి చూపించమన్నాడు. జనం మూగారు.

"జర తడబడు నాయినా," అన్నాను ఆయన చెవిలో.

నాయిన చంకలోంచి కర్ర తీశాడు. తర్వాత కర్రతో తడుముకుంటూ నాలుగడుగులు వేసి, తూలి మోకాళ్ల మీద పడ్డాడు. ఎవరో నవ్వారు.

"సరే, పోండ్రి," అన్నాడు కలెక్టర్.

నాయినను కొండ మీదికి తీసుకెళ్లాను. గుడి ముందు చెప్పులు విడుస్తూ మెల్లగా అన్నాడు.

"ఆ ప్లాట్‌ఫారం బండలు నీ చిన్నప్పుడు నేను పరిచినయే బిడ్డా. వాటి మీద ఒక్కలు గూడ తట్టుకొని పడలె. ఇయ్యాల నేనే పడ్డ."

లోపల ఏం మొక్కుకోవాలో నాకు తోచలేదు. ఇప్పటికీ ఆ స్టేషన్‌లో దిగితే తలవంచుకునే నడుస్తాను.