మాత్ర వేసుకుని పస్తున్న శుక్రవారం

మా అమ్మకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె ఒక్క మాత్ర కూడా మానలేదు. ఆ సంగతి నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆమె గొప్పగా కాదు, నా గొప్పగా. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని నేను. నాకు ముక్కు మీద కోపమని పిల్లలూ అంటారు, స్టాఫ్ రూములోనూ అంటారు. ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా ఇద్దరమే కాబట్టి ఆ కోపాన్ని భరించడం ఆమె ఒక్కదాని వంతు అయింది.

మా ఇల్లు నాచారంలో. నాన్న పోయాక అమ్మ ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో చేరి ఇరవై ఏళ్లు మాత్రల షీట్లు అట్టపెట్టెల్లో సర్దింది. చదువు రాదు. అయినా మందంటే ఆమెకు భయం, భక్తి రెండూ ఉన్నాయి. "ఎవలో పాణం పెట్టి జేసిన్రు గాదె, పారెయ్యొద్దు" అనేది. అలాంటి మనిషికి మళ్లీ నేను ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. తారీఖులు, పొద్దుటి మాత్ర, రాత్రి మాత్ర, పక్కన టిక్కు పెట్టడానికి గడులు. చదువు రాకపోయినా టిక్కు పెట్టడం వచ్చు కదా. టిక్కు లేని గడి కనిపిస్తే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ కాగితంలో మాత్రకు గడి గీశాను గానీ తిండికి గీయలేదు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూడు నెలల షుగర్ పరీక్షలో అంకె ఎక్కువ వచ్చింది. డాక్టరు రిపోర్టు చూసి పొద్దుటి మాత్ర మోతాదు పెంచారు. పెంచుతూ అమ్మ వైపు తిరిగి అడిగారు.

"అమ్మా, ఈ మాత్ర వేసుకున్నాక తప్పకుండా తినాలె. తినకుంటే షుగర్ బాగా పడిపోతది. వేళకు తింటరా? ఉపవాసాలు గిట్ల ఉంటరా?"

అమ్మ నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "లేదు డాక్టర్. అవన్నీ మా ఇంట్లో నడవవు."

అమ్మ తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది. ఆసుపత్రుల్లో ఆమె తరఫున నేను మాట్లాడటం అలవాటైపోయింది. ఆమె చెబితే ఊరూ వాడా తిరిగి అసలు విషయానికి వస్తుందని నాకు విసుగు. డాక్టరు మరో మాట అడగకుండా చీటీ రాసి ఇచ్చేశారు.

నిజానికి అమ్మ ఉపవాసం ఉండేది. మాది రెండు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో ప్రతి శుక్రవారం మా సందులోని రేకుల చర్చిలో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పొద్దున్న తొమ్మిదికి మొదలై మూడు గంటలకు పాస్టరు అయ్యగారు చివరి ఆశీర్వాదం చెప్పేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. షుగర్ వచ్చాక నేను అమ్మను అది మాన్పించాను. మాన్పించాననే అనుకున్నాను.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు అమ్మ నా ఎదుటే మాత్ర వేసుకుంది. టిక్కు పెట్టింది. ఉప్మా గిన్నె మీద మూత పెట్టి, నేను చెప్పులు వేసుకుంటూ అడిగాను.

"అమ్మా, తింటవు గదా?"

"తింట బిడ్డా. నువ్వు పో, బస్సు పోతది."

పదింటికి ఇంటర్వెల్‌లో ఫోన్ చేశాను. "తిన్నవా?" అంటే "తిన్న" అంది. వెనకాల పాట వినిపించింది. టీవీ అనుకున్నాను.

ఒంటిగంటకు ఇంటికొస్తే తాళం ఉంది. నా దగ్గరున్న తాళంచెవితో తెరిచి చూస్తే ఉప్మా గిన్నె మీద మూత పెట్టినట్టే ఉంది. అట్టకట్టిపోయింది. పొద్దుటి గడిలో టిక్కు మాత్రం నిటారుగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. షుగర్ పడిపోతుందన్న భయం అప్పుడు రాలేదు, అబద్ధం చెప్పిందన్న కోపమే వచ్చింది. నలుగురిలో చెడామడా అరిచి రెక్క పట్టుకుని తీసుకొద్దామని చర్చికి బయలుదేరాను. సందులో నడుస్తూ ఏమేం అనాలో మాటలు కూడా పేర్చుకున్నాను.

గుమ్మంలో నిలబడి చూశాను. చాపల మీద నలభై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో అమ్మ మోకాళ్ల మీద ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. కొంగు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. తల ఊపుతూ ముద్దముద్దగా ఏదో అంటోంది, ఒక్క మాటా తెలియడం లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. "ఆత్మ దిగింది, స్తోత్రం, స్తోత్రం" అంటోంది ఒక ముసలామె, కళ్లు మూసుకుని.

మా చర్చిలో ప్రార్థనలో మనుషులు వణకడం, తెలియని మాటలు పలకడం కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అందుకని వాళ్లను నేను తప్పుపట్టను. నేనైతే ఆత్మ అని కూడా అనుకోలేదు. నన్ను చూసి, తిట్టకుండా ఉండాలని చేస్తోందేమో అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ అనుకున్నది అదే. అలా గుమ్మంలోనే చేతులు కట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. రెండు నిమిషాలో, మూడో. ప్రార్థన మధ్యలోకి వెళితే బాగుండదని అయిపోయేదాకా ఆగాను.

లేచింది వేరే ఆవిడ. మా సందు మూల మీద బట్టలు కుడుతుంది, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆవిడకూ షుగరే. జనాన్ని తోసుకుంటూ వచ్చి అమ్మ మెడ మీద చెయ్యి వేసి చూసింది.

"అయ్యో, ఒళ్లు చల్లగా అయిపోయిందండీ! ఇది షుగర్ పడిపోవడం. చేతులు తీయండమ్మా, గాలి ఆడనివ్వండి. పొద్దున్న మాత్ర వేసుకున్నారా ఈవిడ?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. "వేసుకుంది. ఏమీ తినలేదు" అన్నాను గుమ్మంలోంచి. అప్పటికి గానీ నా కాళ్లు కదల్లేదు.

ఉపవాసం విరమించడానికి అయ్యగారి భార్య నిమ్మకాయ షర్బత్ కలిపి పెట్టింది. గ్లాసులో ముంచి తెచ్చింది. నేను అమ్మను ఒళ్లోకి తీసుకుని గ్లాసు పెదాలకు ఆనించాను. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. గ్లాసు తగలగానే పళ్లు బిగించి మొహం తిప్పేసుకుంది.

"ఇంక... గాలే" అంది. "మూడు... గాలే."

మూడు గంటలు కాలేదని ఉపవాసం విడవనంటోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. "తాగే అమ్మా, తాగు, నీకు దండం పెడత" అని ఏడుస్తూ బలవంతాన పోయబోతే కుట్టు మిషనావిడ నా చెయ్యి పట్టుకుంది. "పోయకూడదు. మింగకుండా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తనంతట తను మింగాలి." ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నారు. అమ్మ మెడ నా మోచేతి మీద వాలిపోతోంది. ఆరోజు ఆమె పోతుందనే అనుకున్నాను. నేను వేయించిన మాత్రతో పోతుందనుకున్నాను.

అయ్యగారు మెత్తటి మనిషి, పెద్ద వయసాయన. అప్పటిదాకా ఏం చేయాలో తోచక పక్కన నిలబడ్డారు. హఠాత్తుగా అమ్మ ఎదురుగా వచ్చి, కుడి చెయ్యి పైకెత్తి, మూడు గంటలకు చెప్పాల్సిన ఆఖరి ఆశీర్వాదం అందుకున్నారు. రోజూ ఉండే గొంతుతోనే, తొందర లేకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. గోడ మీద గడియారంలో అప్పుడు ఒకటిన్నర. నలభై గొంతులు "ఆమెన్" అన్నాయి.

అమ్మ పెదాలు కదిలాయి. ఆమె కూడా ఆమెన్ అంది. తర్వాత నోరు తెరిచింది.

గుక్క గుక్కగా మింగింది. సగం గ్లాసు అయ్యాక ఇంకో సగం. పావుగంటకు చెమట ఆరింది, నా మొహం చూసి, "నువ్వెప్పుడొచ్చినవ్? బడి ఇడిసిన్రా?" అని అడిగింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అయ్యగారి భార్య రెండు బన్నులు తినిపించింది. ఇక ఇంటికి తీసుకుపోయి పడుకోబెడదాం, గండం గడిచింది అన్నారు అందరూ. నేనూ సరే అనేదాన్నే. కుట్టు మిషనావిడ ఒప్పుకోలేదు. "మా చెల్లెలికి ఇలాగే లేచి కూర్చున్నాక మళ్లీ పడిపోయింది. దవాఖానాకు తీసుకెళ్లండి" అని తనే మాతో అంబులెన్సెక్కింది.

ఆవిడ మాటే నిజమైంది. ఎమర్జెన్సీలో చేరిన రెండు గంటలకు అమ్మ షుగర్ మళ్లీ దిగిపోయింది. ఈసారి పక్కన నర్సు ఉంది, చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది కాబట్టి బయటపడింది. ఇంటి మంచం మీద ఉంటే నిద్రపోతోందనుకుని దుప్పటి కప్పేదాన్ని.

మర్నాడు పొద్దున్న వార్డులోకి ఒక చిన్న వయసు డాక్టరు వచ్చాడు. మాత్రల షీటు చేతిలో పట్టుకుని మా ఇద్దరికీ చెప్పాడు. "గీ మాత్ర పని రోజంతా ఉంటది. మీరు తిన్నరా లేదా దానికి తెల్వదు. షుగర్‌ను దించుకుంటనే పోతది. అందరి మాత్రలూ గిట్ల చెయ్యవు, మీదాంట్ల ఒకటి చేస్తది. మీ అంతట మీరు మందు బంద్ చెయ్యొద్దు, తినకుండ వేసుకోవద్దు. ఒక్క పూట పస్తుండాలన్నా ముందుగాల మమ్మల్ని అడగాలె. షుగర్‌తోని పస్తులు అందరికీ పనికిరావు. వణుకు, చెమట వస్తే ప్రార్థన గిట్ల సూడొద్దు, చక్కెర నోట్లె ఏసుకోవాలె." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇంత ఏజ్‌ల ఎందుకమ్మా ఉపవాసం? మీ డాక్టరుకు చెప్పలేదా?"

ఈసారి నేను నోరు మెదపలేదు.

అమ్మ సూది ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకుంది. "నా బిడ్డ కోసం ఉన్న సారూ" అంది. "దానికి గూడ షుగరొచ్చింది. నాకు చెప్తలేదు."

ఆమె చెప్పింది నిజమే. దసరా సెలవుల తర్వాత మా బడిలో టీచర్లకు ఉచితంగా పరీక్షలు చేశారు. నా రిపోర్టులో షుగర్ అని వచ్చింది, మాత్రలు రాసిచ్చారు. అన్నీ హ్యాండ్‌బ్యాగు లోపలి జేబులో తోసేశాను. ఐదు నెలలైంది. మందుల షాపు మొహం కూడా చూడలేదు. నలభై మూడేళ్లకే నాకు షుగరేంటి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఊడిన బ్యాగు పట్టీ కుట్టించడానికి అమ్మ దాన్ని కుట్టు మిషనావిడ దగ్గరికి తీసుకెళ్లిందట. జేబు ఖాళీ చేస్తుంటే కాగితం దొరికిందట. తన రిపోర్టుల్లో డాక్టర్లు ఎప్పుడూ గీత గీసే చోటే దీంట్లోనూ ఎర్ర గీత కనిపించి, ఆవిడ చేత చదివించుకుందట.

"నన్నెందుకు అడగలే అమ్మా?" అన్నాను.

"అడిగితె ఒర్రుతవు, తిడతవు గాదె. నిన్ను జూస్తె భయమైతది నాకు." తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "దేవునికి చెప్పుకుంటె ఒర్రడు గదా అని చెప్పుకున్న."

కన్నతల్లికి నేనంటే భయం. ఆ భయంతో డాక్టరు దగ్గర తలొంచుకుంది, ఫోన్‌లో తిన్నానంది, చావు దాకా వెళ్లొచ్చింది. నాకు తల తీసేసినట్టయింది. ఆమె మంచం పట్టీ మీద తల ఆనించి కూర్చున్నాను. సూది లేని చెయ్యి నా నెత్తి మీద పడింది.

"నిజం చెప్పు. మందేసుకుంటున్నవా?"

"లేదే. ఒక్కటి గూడ ఏసుకోలే."

అమ్మ తిట్టలేదు. డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గర పని ముగించి తలుపు వైపు నడుస్తున్నాడు. అమ్మ నా భుజం మీద తట్టి లేపింది.

"పో, గా సారు పోకముందె పిలువు. నేనే చెప్త."