బక్కపిల్లల వరస

మొన్న మా మనవడి భార్య, తాను వెళ్లే సేవాసంఘంలో ఉత్తమ కార్యకర్తను ఎంచారంటూ ఫోనులో ఫొటో చూపించింది. ఆ కార్యకర్త చుట్టూ బూరెబుగ్గల పిల్లలు నవ్వుతున్నారు, చూసి సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

డెబ్బైల చివర్లో నేను పోర్టులో కలాసీని. నా చదువంతా పొట్లాల కాగితాల మీద కూడబలుక్కున్నదే. ఇప్పటికీ పల్లీల కన్నా ముందు కాగితమే నాకు కావాలి. ఆ నాలుగు ముక్కలు వచ్చని, జాలరిపేటలో పిల్లలకు పొద్దున్నే ఉప్మా, పాలు పెట్టే కేంద్రానికి నన్ను పెద్దను చేశారు. జీతం లేకుండా వడ్డించే ఆడవాళ్లు నలుగురు, ఒక్కొక్కరికి ఒక్కో వరస. ఎవరి వరసలో పిల్లలు బొద్దుగా ఉంటే వాళ్లే బాగా పనిచేసినట్టని పైనుంచి వచ్చే అధికారి లెక్క. అది తెలిశాక, తనిఖీ రోజున మావాళ్లు చుట్టాలిళ్ల నుంచి బొద్దుపిల్లల్ని అరువు తెచ్చి, పౌడరు రాసి కూర్చోబెట్టేవారు.

ఆ నలుగురిలో మా వదిన ఒక్కతే ఆ పని చేయలేదు. చేపలమ్మే మనిషి, గంప దించి గుడిసెల చివరిదాకా పోయి, కాళ్లు పుల్లల్లా ఉన్న పిల్లల్ని చంకనేసుకొచ్చేది. కాస్త ఒళ్లు పట్టిన పిల్లను పక్క వరసకు పంపి, మరో బక్కదాన్ని తెచ్చుకునేది.

"ఏటొదినా, ఎండుసేపలన్నీ నీ వరసలోనే ఆరేసినావు?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే తనూ నవ్వేది.

ఒకసారి అధికారి ఆ వరస ముందు ఆగి, ఈవిడ పని బాగాలేదు, తీసేయమని నాతో అన్నారు. వదిన పోతే ఆ పిల్లల్ని మోసుకొచ్చే దిక్కు లేదు. ఆవిడ గరిటె దించకుండానే అడిగింది.

"బొద్దుగున్నోలికి నానెందుకెట్టాల బాబూ? ఆలింటికాడ తిండుంది కదేటి."

ఆయన నావైపు తిరిగారు.

"ముందు నా పేరు కొట్టీండి బాబూ," అన్నాను. "మా వొదిన మాట ఆనక సూద్దురు గాని."

కొట్టేశారు. మర్నాడు నా చోట పెద్దగా వచ్చిన కొత్తాయన వదినను వెళ్లిపొమ్మన్నప్పుడు, ఇన్నాళ్లూ వెక్కిరించిన ఆ ముగ్గురూ గరిటెలు కింద పెట్టి, ఆవిడతోపాటు తామూ పోతామన్నారట. వదిన ఉండిపోయింది, నా పెద్దరికం పోయింది. పోనీండి, ఇవాళ నిలబెట్టి అడిగినా అదే మాట అంటాను.

వదిన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మన ఊళ్లో అన్నం పెట్టేవాళ్లకు కొదవ లేదు, గిన్నెలూ తళతళలాడుతున్నాయి. గుడిసెల చివరిదాకా నడిచి, ఏడ్చే పిల్లను ఎత్తుకునే మనిషి కోసమే వెతుక్కోవాల్సి వస్తోంది.