మిరపకల్లంలో ఆరిన సెల్లు

మా చిన్నప్పుడు... ఇంటికొచ్చిన మొదటి సెల్లుకి నాన్న చేసినంత సేవ మాలో ఎవరికీ చేయలేదు. పాలిథిన్ కవర్లో పెట్టి, పైన రబ్బరు బాండు వేసి, చొక్కా జేబులో దాచేవాడు. ఛార్జింగులో ఉంటే దాని దరిదాపుల్లోకి కూడా వెళ్ళనిచ్చేవాడు కాదు.

"ముట్టుకున్నావంటే వీపు విమానం మోత మోగుద్ది" అనేవాడు. నేనెందుకు ముట్టుకుంటాను... కొంచెం ముట్టుకునేదాన్ని.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. అక్కని దర్శిలో ఇచ్చాం. డాక్టరు ప్రయాణం వద్దన్నారని పురుడు అక్కడే. పది రోజుల ముందే నొప్పులొచ్చాయి. "ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, కొంచెం కష్టమంటున్నారు" అని బావ పొద్దున్నే ఫోన్ చేశాడు. మాకు బస్సేమో మధ్యాహ్నం గానీ లేదు.

రింగు వినపడదేమోనని నాన్న ఆ రోజే కవరు తీసేశాడు. గేదెకి కుడితి కలుపుతూ వంగాడు... సెల్లు కాస్తా తొట్టిలో బుడుంగుమంది.

అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న మాత్రం బ్యాటరీ ఊడదీసి, పంచెతో తుడిచి, తిన్నగా కల్లానికి తీసుకెళ్ళాడు. నేరుగా ఎండ తగిలితే తెర పాడవుద్దట. అందుకని ఎండుతున్న మిరపకాయల్లోకి దూర్చాడు. "తేమంతా కాయలే లాగేస్తాయి, చూడు" అన్నాడు. అమ్మ, నేను పక్కనే కూర్చున్నాం.

బస్సు వేళకి తీసి బ్యాటరీ వేస్తే... వెలిగింది! వెలిగిన కాసేపటికే మోగింది. అమ్మ లాక్కుని చెవికి అదిమి పెట్టుకుంది. "ఆ... ఆ..." అంటూనే కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. కట్టయిన ఫోను నాన్న చేతిలో పడేసి, మాట రాక తల అడ్డంగా ఊపింది.

ఎప్పుడూ బెదరని మా నాన్న ఆ మిరపకాయల మీదే కూలబడ్డాడు. "పిల్లెట్టా ఉందే? చెప్పవేంటే?"

అమ్మ దగ్గి దగ్గి చెప్పింది. "ఆడపిల్లండీ... ఇద్దరూ బాగున్నారు... ముందు నీళ్ళివ్వండి, చెంప కాలిపోతోంది!"

సెల్లు సందుల నిండా కారమే మరి.

ముఖం నాలుగుసార్లు కడుక్కుని బస్సెక్కింది. నరసరావుపేట దాటినా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"ఇంకా మంటేనా?" అన్నాడు నాన్న.

"మంట ఎప్పుడో పోయిందిలెండి" అంది.

ఇప్పుడు నా ఫోను నీళ్ళలో పడ్డా ఏమీ కాదట. రోజంతా మోగుతూనే ఉంటుంది... ఎవరో చూసి, సగం ఎత్తను.

మీ ఇంటి మొదటి సెల్లు దేంట్లో పడింది? ఎవరి కబురు కోసం ఆరబెట్టారు?