వాడరేవులో తాడు చివర

నాతో ప్రయాణానికి ఇప్పుడెవరూ రారు. తిండి దగ్గర కూడా తొందరపెడతానని స్నేహితులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. మొన్న ఫిబ్రవరిలో నల్లపాడు నుంచి ఒక్కడినే బయలుదేరాను.

గుంటూరులో ఉదయం చిలకలూరిపేట మీదుగా చీరాల వెళ్లే బస్సు దొరికింది. దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్సంతా తుమ్ములే.

"కిటికీ ముయ్యండి సార్, పర్చూరుదాకా ఇంతే" అన్నాడు పక్కసీటాయన. మూశాను.

చీరాలలో భోజనం చేసి, ఆటోలో వాడరేవు చేరేసరికి రెండయింది. జెట్ బోటు నడిపే శీను "ఒక్కరేనా సార్?" అన్నాడు. అందరూ అదే అడుగుతారు. ఆరుగురు పట్టే బోటులో ఒక్కడినే కూర్చున్నాను.

ఒడ్డు సన్నటి గీతలా మారాక ఇంజన్ ఆగిపోయింది. బోటు కింద నీళ్లు లాక్కునే చోట తెగిన వల ముక్క ఇరుక్కుంది. శీను ఫోన్ చేస్తే పోలయ్య అనే జాలరి వేటపడవ వేసుకొచ్చాడు.

"ఏరా శీనూ, మాకు పోటీగా నువ్వూ వలలేస్తున్నావా?"

"నవ్వింది చాల్లే మావా, తాడెయ్యి."

తాడు కట్టాక శీను నన్ను ముందు కూర్చోబెట్టాడు. "పడవ మోతలో అరిచినా వినపడదు సార్. నడిచినంత వేగం దాటితే చెయ్యి పైకెత్తండి, పోలయ్య మావ ఆపుతాడు. గట్టిగా లాగితే ఇంజన్లోకి ఉప్పునీళ్లు ఎక్కుతాయి. ఇది పోతే మా ఇల్లు గడవదు."

తను వెనక కూర్చుని, బోటు అటూ ఇటూ కొట్టుకుపోకుండా బరువు ఆనిస్తున్నాడు.

ఎంతసేపటికీ ఒడ్డు దగ్గర పడలేదు. చీరాలలో ఎక్కాల్సిన సాయంత్రం రైలు తప్పిపోతుందనిపించింది. ఇంట్లో నాకోసం కాచుకున్నవాళ్లెవరూ లేరు. అయినా పోలయ్య వెనక్కి చూసినప్పుడు, త్వరగా పోనిమ్మని చెయ్యి ఊపాను. తాడు బిగిసింది. బోటు ఎగిరెగిరి పడింది. శీను కేకలు విని నేను చెయ్యెత్తేలోపే నీళ్లు ఎక్కేశాయి.

ఒడ్డుకు చేరాక శీను పడవ దగ్గరికి వెళ్లాడు. "అంత జోరుగా ఎందుకు తోలావు మావా?"

పోలయ్య నావైపు చూశాడు.

"నేనే పోనిమ్మన్నాను. రైలుకు టైమవుతుందని" అన్నాను.

శీను బకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. "బోరింగు అక్కడుంది. ఉప్పు కడగాలి, మంచినీళ్లు తెండి."

వల ముక్క కోసి తీశారు. ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పితే ఉప్పునీళ్లు చిమ్మాయి. పొద్దు గుంకేదాకా నీళ్లు మోశాను. చివరికి రెండుసార్లు దగ్గి ఇంజన్ అందుకుంది. శీను దానిమీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

"మీ రైలు పోయినట్టుంది సార్" అన్నాడు, నావైపు చూడకుండానే.

వాడరేవు వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. తిరుగు రైలు పెట్టుకుని బోటెక్కకండి.

నాకు ఆ తర్వాతి రైలు దొరికింది. నిడుబ్రోలు దాటాక సిగ్నల్ లేక అది చాలాసేపు నిలబడిపోయింది. ఎందుకాగిందని ఈసారి ఎవరినీ అడగలేదు. అడగడానికి పక్కన ఎవరూ లేరు కూడా.