ఎలేనమ్మ పేర్ల కాగితం

నిన్న ఇక్కడ బర్మాలో, మా ఊరి పబేడాన్ బజారులో ఒక పప్పుల కొట్టు ముందు, వానకు తడిసిన గోధుమల బస్తా విప్పి ఆరబోస్తున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అరవై దాటినదాన్ని, కూరల సంచి పట్టుకుని నడివీధిలో ఏడ్చాను. అది ఎలేనమ్మ ఇంటి గుగ్గిళ్ళ వాసన.

చిన్నప్పుడు ఇదే ఊళ్ళో బోటాటౌంగ్ పేటలో మేమున్న పాత మేడలో మెట్లకు ఒక పక్క మా వాటా, ఎదురుగా ఎలేనమ్మది. ఆవిడ గ్రీకు మనిషి. ఆవిడ తాతల కాలంలో ఓడల వెంట వచ్చిన గ్రీకులు రేవు పక్కన రొట్టెల బట్టీ పెట్టారట, ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారట. యుద్ధానికి కొందరు పారిపోగా, మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే మట్టిలో కలిసిపోగా, చివరికి ఈవిడ ఒక్కతే మిగిలింది. బట్టీలో పిండి పిసికింది మన శ్రీకాకుళం కూలీలే కనుక తెలుగు మాత్రం మా మామ్మలాగే గడగడా మాట్లాడేది.

ఏటా ఎండలు ముదరకముందు ఒక శనివారం గోధుమలు మెత్తగా ఉడకబెట్టి, దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, వేయించిన బాదం కలిపి, పైన తెల్లగా పంచదార పొడి పరిచి, కొవ్వొత్తి వెలిగించి, ఈ ఊళ్ళో పోయిన తమవాళ్ళ పేర్లు ఇరవై మూడూ కాగితం చూసి పైకి చదివేది. ఆ తర్వాతే గుగ్గిళ్ళు పంచేది. చచ్చినవాళ్ళ పేరున పెట్టిన తిండి కదా, మా మామ్మ తన వాటా పిట్టగోడ మీద కాకులకు పెట్టేసేది. నేను మెట్ల మీద కూర్చుని వేళ్ళు కూడా నాకేసేదాన్ని.

నా పదో ఏట, వానల్లో, ఎలేనమ్మ మంచం పట్టింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి ఒక కొత్త కాగితం చేతిలో పెట్టింది. నాకు చదవడానికి వీలుగా పేర్లన్నీ బర్మా అక్షరాల్లో రాసింది. అడుగున తన పేరు కూడా రాసుకుంది.

"నన్ను మట్టిలో ఎట్టినప్పుడు ఇయన్నీ పైకి సదువే గుంటా. పేరు పిలిసేవోలు లేకపోతే సచ్చినోలు మల్లీ సత్తారు."

"సదువుతాన్లే" అని మాటిచ్చాను.

మాటివ్వడానికేం! సమాధి దగ్గర జోరున వాన, ఎవరో ముక్కూమొహం తెలియని నలుగురు. గౌను జేబులో కాగితం పట్టుకుని నిలబడ్డానే గానీ బయటికి తియ్యలేదు. నా సిగ్గు తగలెయ్య! ఇంటికెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు కూర్చుని చదువుదామనుకున్నాను. మా గుమ్మంలో మామ్మ బకెట్టుతో కాచుకుని ఉంది.

"ఓలే, అక్కడే ఆగు! మైలబట్టల్తో లోనికొచ్చెత్తావేటి?"

చావుకు వెళ్ళొచ్చినవాళ్ళ మీద కట్టుబట్టలతోనే నీళ్ళు కుమ్మరించడం మా ఇంటి ఆచారం. నేను నోరు తెరిచేలోపే బకెట్టు ఖాళీ అయింది. జేబులోంచి తీసేసరికి కాగితం ముద్దయిపోయింది. సిరా నీలంగా నా కాళ్ళ మీంచి జారి మోరీలోకి పోయింది. గుండెలు బాదుకుని ఏడ్చాను. సంగతి విన్న మామ్మ గుమ్మంలోనే చతికిలబడి, "ఓలమ్మో, ఎంత పాపం సేసీసినాను!" అంది.

ఇప్పుడు ఆ మేడ లేదు, అక్కడ హోటలుంది. మామ్మా లేదు. నిన్న గుప్పెడు గోధుమలు కొనుక్కొచ్చి ఉడకబెట్టి, కిటికీలో పెట్టి పిలిచాను. యొర్గి. కాతినా. స్పిరో. ఎలేని. అంతే, ఐదో పేరు రాలేదు. ఎంత తల కొట్టుకున్నా రాలేదు. మిగతా ఇరవై మందినీ రెండోసారి చంపింది నేనే.

భయమేసింది. వెంటనే కాగితం తీసుకుని మావాళ్ళ పేర్లు రాశాను, తాత, మామ్మ, అమ్మ, నాన్న, చివర నాది. మా మనవరాలికి తెలుగు కాస్త అర్థమవుతుంది గానీ చదవడం రాదు, అందుకని నేనూ బర్మా అక్షరాల్లోనే రాశాను. బడిలోనూ ఆఫీసు కాగితాల్లోనూ మాకందరికీ బర్మా పేర్లే; నేను రాసినవి మా తెలుగు పేర్లు. కాగితం చేతికిస్తే, మనవరాలు తన ఫోను పక్కన పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివి, ఆఖరి పేరు దగ్గర ఆగి, బర్మా భాషలో అడిగింది:

"అప్పలనరసమ్మ ఎవరు, బామ్మా?"