మేకు జరపని మనిషి

మా పక్కింటి సారు పోయిన ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టే వేళకు, దవాఖానలో కన్నుమూశారు. సంతాపసభలో పెద్ద ఆఫీసర్లు మాట్లాడారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన్ని ఆ మూల నుంచి ఈ మూలకు బదిలీ చేసినవాళ్లే ఇప్పుడు నిజాయితీకి మారుపేరన్నారు. వాళ్లకు మైకు దొరికింది. నాకు ఈ కాగితం దొరికింది.

సారు గణాంక శాఖలో చిన్న ఉద్యోగి. పంట కోత ప్రయోగాలు చేయించడం ఆయన పని. వరి కోతకొచ్చాక, లాటరీ తీసినట్టు పట్టికలో వచ్చిన అంకె ప్రకారం పొలంలో అన్ని అడుగులు నడవాలి. ఆగిన చోట నాలుగు కర్ర మేకులు పాతి, తాడు కట్టి, అయిదు మీటర్ల చదరం కోయించి, గింజలు తూచాలి. ఊరి దిగుబడిని ఆ తూకాలతోనే అంచనా వేస్తారు. మేకు పడ్డచోట పంట పలచగా ఉంటే పై ఆఫీసరుకు నచ్చదు. దట్టంగా ఉంటే, నష్టం రాయించుకోవాలనుకున్న రైతుకు నచ్చదు. ఒకసారి హవేలిఘనపూర్‌కు సరదాగా నేనూ వెంట వెళ్లాను. రైతు ఆయన చేయి పట్టుకున్నాడు.

"సారూ, జర గా ఒడ్డు దిక్కు జరుపుండ్రి. మీ సొమ్మేం పోతది?"

"జరిపితే అది నీ పొలం గాదు పటేలా, నా పొలమైతది."

రైతు తిట్లు, ఆఫీసరు తిట్లు రెండూ మోసుకుని సైకిలు మీద ఇంటికొచ్చేవారు. నేను గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. సత్యం గురించి అల్మారాల కొద్దీ చదివాను. పక్కింటి మనిషిది మాత్రం చాదస్తమనుకున్నాను.

ఆయనది ఒకటే ప్రశ్న. నిజాంపేటలో బాగా వాన పడిందట అని నేనంటే, "పోయి చూసినవా?" అనేవారు.

"పేపర్ల రాసిండ్రు సారూ."

"పేపరు నేనూ చదివిన. నువ్వు పోయి చూసినవా?"

ఒళ్లు మండేది.

నా మనవరాలు డేటా సైన్స్ చదివి, హైదరాబాద్‌లో పంట దిగుబడి ముందే చెప్పే ఒక కంపెనీలో చేరింది. పాత దిగుబడి లెక్కలు కంప్యూటరుకు నేర్పితే, రాబోయే పంట సంగతి అది చెబుతుందట. అదేం చదువో మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. సారు ఒక్కరే మురిసిపోయారు. "ఇగ మనది ఒకటే డిపార్ట్‌మెంట్ బిడ్డా" అన్నారు.

నాలుగో నెలలో పిల్ల లాప్‌టాప్ పట్టుకుని సారు దగ్గరకే వచ్చింది. పాపన్నపేట వైపు పొలాల లెక్కలవి. ఒక్కో లెక్కతో పాటు, లెక్క రాసే కుర్రాళ్లు అది ఏ చోట నింపారో కూడా ఫోనులో నమోదవుతుంది. పదకొండు పొలాలు ఒకే చోట కనిపిస్తున్నాయి.

"పోయి చూద్దామా?" అన్నారు సారు. మోకాళ్లు సహకరించకపోయినా షేర్ ఆటో ఎక్కారు. ఆ చోట పొలం లేదు. చాయ్ హోటల్ ఉంది. హోటలాయన దాపరికం లేకుండా చెప్పాడట:

"ఔ సారూ, పోరగాండ్లు ఈడనే కూసొని ఫోన్లల్ల కొడతరు. పొలంల దిగితే బూట్లు కరాబైతయంట. బిస్కెట్లయితే మస్తు తింటరు."

"బిడ్డా, పదకొండు పొలాలు! ఈ హోటల్ల ఎన్ని బస్తాలు పండినయో అడుగు" అని సారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారట.

పిల్ల ఉన్నదున్నట్టు కంపెనీకి రాసిచ్చింది. ప్రొబేషన్ అయ్యేదాకా ఆగమని నేను మొత్తుకున్నాను. "తాతా, కంప్యూటరుకు దొంగ లెక్కలతోనే నేర్పుతున్నం, దొంగ లెక్కలతోనే పరీక్ష పెడుతున్నం. పాసైందని చప్పట్లు కొట్టుకుంటున్నం" అంది. మేనేజరు ఆమె కాగితం పక్కన పెట్టి, "మోడల్ మంచిగనే పనిచేస్తుంది గదా, నీకేం నొప్పి?" అన్నాడు. నెల తిరగకముందే ఆమెను ఇక పనికి రావద్దన్నారు. అతనికి ప్రమోషన్ వచ్చిందని విన్నాను. పోయి చూడలేదు.

ఆ కోపం నేను గోడ మీది నుంచి సారు మీద కక్కాను. "మీ మేకులు మీ దగ్గరనే పెట్టుకోవలసింది. పోయి పోయి పిల్ల అన్నంల పాతిండ్రు."

ఆయన తల దించుకుని నిలబడ్డారు. నాలుగు నెలలు మాట్లాడలేదు నేను. తిట్టవలసినవాళ్లు ఈ ఊళ్లో ఇంతమంది ఉండగా, నా నోటికి దొరికింది ఆయన.

ఆయన్ని చూడడానికి నేను దవాఖానకు వెళ్లేసరికి మనిషి సగమయ్యారు.

"పాపకు నౌకరి దొరికిందా?"

"దొరికింది సారూ."

"ఏడ?"

"హైదరాబాద్‌లనే. పెద్ద కంపెనీ."

చాలాసేపు నా ముఖంలోకి చూశారు. "పోయి చూసినవా?"

"చూసిన" అన్నాను.

కళ్లు మూసుకున్నారు. జీవితంలో ఒక్క దొంగ అంకె రాయని మనిషికి చివరి లెక్క నేను ఇచ్చాను, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని.

మట్టి చేసి వచ్చాక ఆయన భార్య నా మనవరాలిని దగ్గరికి తీసుకుంది. "నీకు నౌకరి వచ్చిందని మీ తాత చెప్పంగనే మా సారు మస్తు సంబురపడ్డడు బిడ్డా. నీకు పనికొస్తయని ఇవి ఇయ్యమన్నడు" అని నాలుగు మేకులు, చుట్టగా చుట్టిన తాడు చేతిలో పెట్టింది. పిల్ల నా వైపు చూసింది. రెండు చేతులా వాటిని అందుకుంది. ఆ అబద్ధం సంగతి ఇప్పటికీ అడగలేదు.

ఇంటర్వ్యూలకు పిలుస్తున్నారు. మొదటి ఉద్యోగం అయిదు నెలలకే ఎందుకు పోయిందని అందరూ అడుగుతారు. ఆమె జరిగిందే చెబుతుంది. మళ్లీ ఫోను రాదు. ఆరోగ్యం బాగాలేక మానేశానని చెప్పమని నాలుక చివరిదాకా వస్తుంది. సారుకు అబద్ధం చెప్పిన నోరే కదా, ఎందుకో పెగలడం లేదు.

మేకులు ఆమె పుస్తకాల వెనక పెట్టింది. తాడు మా పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టింది. అయిదు మీటర్లకొకటి సారు వేసిన ముడులు ఇంకా ఉన్నాయి. ఇంటర్వ్యూకు వేసుకునే తెల్ల చొక్కా ఒకటి దాని మీద వేలాడుతోంది. అది ఆరి మూడు రోజులైంది. ఎవరమూ తీయడం లేదు.